వయసు మీద నేరం మోపకముందు వెనక చక్రం చూడండి
(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఇలా కలుసుకుంటున్నాం. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మనందరికీ తెలిసినదే. పింఛను ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, మన హక్కు అని ఆ తీర్పు నిలబెట్టింది. ఆ తీర్పు గురించి, కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల గురించి నాకంటె బాగా తెలిసినవారు ఉదయం నుంచి మాట్లాడారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం "ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను డాక్టరును కాను. తపాలా శాఖలో మెయిల్ ఓవర్సీరుగా చేసి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసిన ఆరోగ్యం సైకిలు ఆరోగ్యం. అందుచేత వెనక చక్రం గురించి చెబుతానన్నాను. ఆయన నవ్వారు గాని, కాదనలేదు.

ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నానో ముందుగా మనవి చేస్తాను. మనలో చాలామంది ఇళ్లలో సైకిలు ఇప్పటికీ ఉంది. వరండాలోనో, మెట్ల కిందనో గోడకి ఆనించి ఉంది. ఎందుకు తొక్కడం మానేశారని అడిగితే ఎక్కువమంది చెప్పే కారణం ఒకటే. "వయసైపోయింది, కాళ్లు లాగేస్తున్నాయి" అంటారు. కొందరి విషయంలో అది నిజమే. కాని కొందరి విషయంలో లాగేస్తున్నవి కాళ్లు కావు, బండి వెనక చక్రం. చక్రం చేసిన నేరం వయసు మీద పడుతోంది. దాంతో బజారుకి, బ్యాంకుకి, గుడికి ఎవరి మీదా ఆధారపడకుండా వెళ్లే మనిషి, కొడుకు ఎప్పుడు ఖాళీగా ఉంటాడా, ఆటో ఎప్పుడు వస్తుందా అని గుమ్మంలో కూర్చుంటున్నాడు. ఇది చిన్న నష్టం కాదని నా అభిప్రాయం.

నేను ఉద్యోగంలో చేరేనాటికి విజయనగరం ఇంకా జిల్లా కాలేదు. 1979 జూన్ 1న అయింది. అప్పట్లో శ్రీకాకుళం, పార్వతీపురం వైపు పల్లె పోస్టాఫీసులన్నీ సైకిలు మీదే తిరిగేవాళ్లం. సర్కారు సైకిలు అడ్వాన్సు ఇచ్చేది, నెలనెలా జీతంలోంచి పట్టుకునేది. ఉత్తరాలు, మనియార్డర్లు, పార్సిళ్లు అన్నీ వెనక క్యారియరు మీదే. మనియార్డరు మీద వచ్చే వృద్ధాప్య పింఛను కోసం ముసలమ్మలు వీధి అరుగు మీద కూర్చుని ఎదురు చూసేవారు. వెనక చక్రం దారిలో మొరాయిస్తే ఆ పూట ఆ ఊళ్లో డబ్బు అందేది కాదు. టెలిగ్రాం పట్టుకెళ్లే వారి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ టెలిగ్రాం సేవే 2013 జూలైలో ఆగిపోయింది.

మనమే కాదు. నెల్లిమర్ల జూటు మిల్లుకి షిఫ్టుకి వెళ్లే కార్మికులు, ఉద్దానంలో కొబ్బరికాయలు మోసేవారు, పొందూరు నేతగాళ్లు, బళ్లకి వెళ్లే మేష్టర్లు, తీరం నుంచి చేపల గంపలు కట్టుకుని తెల్లారేసరికి ఊళ్లోకి వచ్చేవారు, అందరిదీ ఈ బండే. చేపలు మోసే బండి వెనక చక్రం ఎప్పుడైనా చూశారా? గంపలోంచి ఉప్పునీరు బొట్టుబొట్టుగా సరిగ్గా చక్రం మీదే కారుతుంది. ముందు చక్రం నిగనిగలాడుతూ ఉన్నా వెనక స్పోకులు తుప్పు పట్టి విరిగిపోతాయి. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లలో వెనక చక్రానికి ఆయుష్షు తక్కువ.

ఈ మధ్య సైకిలు షాపులు కూడా తగ్గిపోయాయి. సోనీపట్‌లో 1951లో మొదలైన అట్లాస్ కంపెనీ వారి సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినం నాడే ఆగిపోయింది. మన వీధుల్లో చెట్టు కింద పంపు, నీళ్ల తొట్టె పెట్టుకుని కూర్చునే మేస్త్రీలు చాలామంది మోటారుసైకిళ్ల పనికి మళ్లారు. అందుచేత ఈ పని మనకే వచ్చి ఉండడం మంచిది. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. రెండు స్పానర్లు, ఒక స్క్రూడ్రైవరు, కాస్త కిరసనాయిలు, గ్రీజు, పాత న్యూస్‌పేపరు, కొంచెం ఓపిక చాలు. మొదటి అయిదూ బజారులో దొరుకుతాయి. ఆఖరిది మన దగ్గర కావలసినంత ఉంది.

ఒక మిత్రుడి సంగతి

రెండేళ్ల క్రితం మాట. నాతో పనిచేసిన ఒక పోస్టుమాన్ మిత్రుడు, పేరు చెప్పను, అరసవల్లి వైపు ఉంటారు. డెబ్బయి దాటాయి. రోజూ సైకిలు మీద ఏడు రోడ్ల కూడలికి వచ్చి, పేపరు చదివి, కూరలు కొనుక్కుని వెళ్లే మనిషి. కొన్నాళ్లుగా కనిపించడం లేదని చూడడానికి వెళ్లాను. "ఇంక మనవల్ల కాదు బాబూ, మోకాళ్లయిపోయాయి. పది తొక్కులు తొక్కితే ఆయాసం. బండి ఎవరికైనా ఇచ్చేద్దారనుకుంటున్నాను" అన్నారు. ఆయన కోడలు కూడా "ఈ వయసులో ఎందుకు మావయ్యా అంటే ఇన్నాళ్లూ విన్నారు కాదండీ" అంది.

నేను బండి దగ్గరికి వెళ్లి, సీటు పట్టుకుని వెనక చక్రం నేల మీద నుంచి లేపి, చేత్తో గట్టిగా తిప్పాను. మంచి చక్రమైతే ఎంతోసేపు తిరగాలి. అది రెండు చుట్లు తిరిగి ఎవరో పట్టుకున్నట్టు ఆగిపోయింది. "మోకాళ్ల సంగతి తరవాత చూద్దాం, ముందు దీని సంగతి చూద్దారి" అన్నాను. ఏం తేలిందో ఆ వరుస వచ్చినప్పుడు చెబుతాను.

వెనక చక్రానికే ఎందుకింత బాధ

మనం సీటు మీద కూర్చుంటే ఒంటి బరువులో ఎక్కువ పాలు వెనక చక్రం మీదే పడుతుంది. క్యారియరు మీద పెట్టినదంతా దాని మీదే. తొక్కే బలం కూడా చైను ద్వారా దానికే వెళుతుంది. అందుకే మన పాత పెద్ద బండ్లకు ముందు చక్రానికి 32 స్పోకులుంటే వెనక చక్రానికి 40 పెట్టారు. ఇరుసు లావు, లోపల బాల్సు కూడా వెనక పెద్దవి. చాలా బండ్లకు పెడళ్ల దగ్గరి పళ్ల చక్రానికి 44 పళ్లు, వెనక ఫ్రీవీల్‌కు 18 పళ్లు ఉంటాయి. అంటే పెడలు ఒక్కసారి పూర్తిగా తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది, బండి సుమారు అయిదున్నర మీటర్లు వెళుతుంది. చక్రంలో ఏ కాస్త పట్టు ఉన్నా ఆ రెండున్నర చుట్ల భారమూ మన ఒక్క తొక్కు మీద పడుతుందన్నమాట.

విప్పకముందే చూడవలసినవి

మిత్రులారా, విప్పడం తేలిక. ఏం చూడాలో తెలిసి విప్పడం ముఖ్యం. చక్రం బండికి ఉండగానే నాలుగు పరీక్షలు చేయవచ్చు.

ఒకటి, ఇందాక చెప్పినట్టు లేపి తిప్పండి. త్వరగా ఆగిపోతే హబ్బు బిగిసినా బిగిసి ఉండాలి, బ్రేకు రబ్బరు రిమ్ముకి రాసుకుంటూ ఉన్నా ఉండాలి. చెవి పెట్టి వింటే తెలుస్తుంది. గరగర అంటే హబ్బు, సర్రు సర్రుమంటే బ్రేకు.

రెండు, టైరు పట్టుకుని కుడికీ ఎడమకీ ఊపండి. కదలిక తెలిస్తే లోపలి కోనులు వదులైనట్టు. అలాగే తొక్కితే బాల్సు అరిగి, కప్పులు గుంటలు పడతాయి.

మూడు, చక్రం తిరుగుతుండగా రిమ్ము పక్కన ఒక సుద్దముక్క కదలకుండా పట్టుకోండి. రిమ్ము ఎక్కడ సుద్దని తాకితే అక్కడ బెండు ఉంది. విరిగిన స్పోకు ఉందేమో కూడా ఒక్కొక్కటే వేలితో మీటి చూడండి. వదులుగా ఉన్నది మిగతావాటిలా పలకదు.

నాలుగు, చైను మధ్యలో వేలు పెట్టి పైకీ కిందకీ కదిపి చూడండి. మొత్తం మీద అర అంగుళం ఆడాలి. అంతకంటె తక్కువైతే హబ్బు మీద భారం, చాలా ఎక్కువైతే చైను ఊడి పడిపోతుంది. ఈ పరీక్ష చేసేటప్పుడు చక్రం తిరగకూడదు. చిన్నపిల్లలు దగ్గరుంటే మరీ జాగ్రత్త. చైనుకీ పళ్లకీ మధ్య వేలు పడితే వేలు దక్కదు.

పంక్చరుకి చక్రం విప్పనవసరం లేదని కూడా చెప్పాలి. టైరు ఒక పక్క మాత్రం రిమ్ము నుంచి తప్పించి, ట్యూబు బయటికి లాగి అతుకు వేసుకోవచ్చు. మన మేస్త్రీలు చేసేది అదే. అతుకు వేశాక టైరు లోపల గుడ్డతో చుట్టూ తుడవండి, చేత్తో తడమవద్దు. తుమ్మముల్లు ఇంకా అక్కడే ఉంటుంది. దాన్ని తియ్యకపోతే మళ్లీ అదే పంక్చరు. ట్యూబు గాని, టైరు గాని పూర్తిగా మార్చాలన్నా, హబ్బు శుభ్రం చెయ్యాలన్నా, ఫ్రీవీల్ మార్చాలన్నా అప్పుడు చక్రం బయటికి రావాలి.

చక్రం తీసే పద్ధతి

మన పెద్ద బండ్లలో చాలావాటికి స్టాండు, క్యారియరు కాళ్లు, మడ్‌గార్డు ఊచలు అన్నీ వెనక ఇరుసుకే బిగించి ఉంటాయి. చక్రం తీస్తే స్టాండు కూడా నిలవదు. అందుచేత బండిని ముందే తలకిందులుగా పెట్టుకోవాలి. సీటు, హ్యాండిలు కింద గోనెసంచి పరవండి. ఈ బండి బరువైనది. అరవై దాటినవారు ఒక్కరే ఎత్తవద్దు, మనవణ్ణి గాని మనవరాల్ని గాని పిలవండి. దాంతో వాళ్లకీ పని వస్తుంది. మీరు చిన్న పీట మీద కూర్చుని చేస్తే నడుము పట్టుకోదు.

ముందు చైను కవరు వెనక ముక్క విప్పండి. తరవాత బ్రేకు. ఊచల బ్రేకు ఉన్న బండికి వెనక రబ్బర్లు రిమ్ముకి లోపలి వైపు ఉంటాయి. వాటిని వదులు చేసి పక్కకి జరపకపోతే చక్రం వెనక్కి వచ్చేటప్పుడు రిమ్ము వెళ్లి వాటికి తగులుకుంటుంది. చాలామంది ఇక్కడే చక్రం రావడం లేదని సుత్తి పుచ్చుకుంటారు. సుత్తితో పని లేదు.

ఇప్పుడు ఇరుసుకి రెండు పక్కలా ఉన్న నట్లు. తుప్పు పట్టి ఉంటే ముందు రోజు రాత్రే కాస్త నూనె వేసి ఉంచండి. రెండు స్పానర్లు తీసుకుని రెండు పక్కలా ఒకేసారి విప్పితే ఇరుసు తిరగదు. నట్టు, వాషరు, క్యారియరు కాలు, స్టాండు, మడ్‌గార్డు ఊచ, చైను బిగించే అడ్జస్టరు, ఏది ముందు వస్తే అది న్యూస్‌పేపరు మీద వరుసగా పెట్టండి. ఒక మేస్త్రీ దగ్గర నేను చూసిన పద్ధతి ఇంకా మంచిది. తీసినవి తీసినట్టే ఒక తీగకి గుచ్చేవాడు, కుడి పక్కవి ఒక తీగ, ఎడమ పక్కవి ఒక తీగ. తిరిగి పెట్టేటప్పుడు వెతుక్కోనక్కర్లేదు, వరుస తప్పదు.

తరవాత చక్రాన్ని ముందు ముందుకి తొయ్యండి. వెనక్కి లాగడం కాదు. ముందుకి జరిగితే చైను వదులవుతుంది. అప్పుడు దాన్ని ఫ్రీవీల్ పళ్ల మీద నుంచి తప్పించి పక్కన వేలాడదీయండి. ఇప్పుడు చక్రాన్ని గాడిలోంచి వెనక్కి లాగితే వచ్చేస్తుంది.

హబ్బు లోపల

చక్రం చేతికి వచ్చింది. ఇరుసు రెండు కొసలూ వేళ్లతో పట్టుకుని తిప్పి చూడండి. ఇసక రాసుకున్నట్టు ఉంటే లోపల శుభ్రం చెయ్యాలి. కింద న్యూస్‌పేపరో, పళ్లెమో పెట్టుకోండి. ఎడమ పక్క, అంటే ఫ్రీవీల్ లేని పక్క, లాక్‌నట్టు విప్పి కోను బయటికి తీయండి. ఇరుసు కుడి పక్కకి వచ్చేస్తుంది. బాల్సు గలగలా రాలతాయి, అందుకే పళ్లెం. సాధారణంగా వెనక చక్రానికి ఒక్కో పక్క పావు అంగుళం బాల్సు తొమ్మిది ఉంటాయి. మీ బండికి ఎన్ని వచ్చాయో లెక్క పెట్టి రాసుకోండి.

అన్నీ కిరసనాయిలులో కడిగి, పాత పంచె ముక్కతో తుడవండి. దీపం, చుట్ట, బీడీ దగ్గర ఉండకూడదు. కోను మీద బాల్సు తిరిగే దారిని గోరుతో రాసి చూడండి. నున్నగా ఉంటే మంచిది. గుంటలు తగిలితే కోను మార్చాలి. బాల్సు ఒకటి రెండు పాడైనా అన్నీ మార్చండి. కొత్తవీ పాతవీ కలిపితే కొత్తవాటి మీదే బరువంతా పడుతుంది. వీటి ఖరీదు ఒక పూట ఆటో ఖర్చు కంటె పెద్దగా ఉండదు.

కప్పులో గ్రీజు నింపి బాల్సు అమర్చండి. తొమ్మిదీ పెట్టాక కాస్త ఖాళీ కనిపిస్తుంది. అది ఉండవలసిన ఖాళీయే, పదోది దూర్చకండి. ఇరుసు ఎక్కించి, కోనుని చేత్తో బిగించి, కొంచెం వెనక్కి వదిలి, అప్పుడు లాక్‌నట్టు బిగించండి. కోను కదలకుండా ఒక స్పానరుతో పట్టుకుని రెండోదాంతో లాక్‌నట్టు బిగించాలి. ఊపితే కదలకూడదు, తిప్పితే పట్టకూడదు. ఆ రెండింటి మధ్యా సన్నటి చోటు ఉంది. రెండు మూడుసార్లు చూసుకుంటే గాని దొరకదు. దొరికిందో లేదో తెలియాలంటే ఇరుసు కొసలు పట్టుకుని చక్రాన్ని నిలువుగా వదలండి. వాల్వు ఉన్న పక్క కాస్త బరువు కదా, అది తనంతట తానే మెల్లగా కిందికి వచ్చి ఆగాలి.

మా పోస్టుమాన్ మిత్రుడి చక్రానికి జరిగింది ఇదే. ఎప్పుడో ఎవరో చక్రం ఊగుతోందని కోను మరీ బిగించేశారు. లోపల గ్రీజు ఎండి నల్లటి గచ్చులా అయిపోయింది. దానికి తోడు చక్రం ఒక పక్కకి ఒరిగి బ్రేకు రబ్బరుకి రాసుకుంటోంది. ఆయన ఏడాదిగా సగం బ్రేకు వేసిన బండిని తొక్కుతున్నారన్నమాట. మధ్యాహ్నం దాకా ఇద్దరం కూర్చుని బాగు చేశాం. బిగించాక లేపి తిప్పితే చక్రం ఆగదే! ఆయన అలా చూస్తూ నిలబడిపోయారు. సాయంత్రం ఎక్కి సూర్యనారాయణస్వామి గుడి దాకా వెళ్లి వచ్చి, "ఓవర్సీరు బాబూ, ఏటో అనుకున్నాను, మోకాళ్లు బాగానే ఉన్నాయి" అన్నారు. బండి ఎవరికీ ఇవ్వలేదు.

ఫ్రీవీల్, చైను, స్పోకులు

ఫ్రీవీల్ అంటే మనం తొక్కడం ఆపినా చక్రాన్ని ఆగకుండా తిరగనిచ్చేది. లోపల కొక్కేల్లాంటి చిన్న ముక్కలు, వాటిని పైకి నెట్టే సన్నటి స్ప్రింగు ఉంటాయి. తొక్కకుండా వెళుతున్నప్పుడు వినిపించే టిక్ టిక్ వాటిదే. తొక్కుతుంటే పెడలు ఒక్కసారిగా జారి ఉత్తినే తిరిగిందంటే ఆ కొక్కేలు పట్టడం లేదని అర్థం. ఇది ప్రమాదం. నిలబడి తొక్కే మనిషి ముందుకు పడిపోతాడు. ఫ్రీవీల్‌లో ఎప్పుడూ చిక్కటి గ్రీజు పెట్టకండి. కొక్కేలు అందులో అతుక్కుపోయి పైకి లేవవు. కిరసనాయిలు పోసి కడిగి, పల్చటి నూనె వెయ్యాలి. అప్పటికీ జారుతుంటే కొత్తది వేయించండి.

ఫ్రీవీల్ హబ్బుకి మరలా బిగించి ఉంటుంది. మనం తొక్కే కొద్దీ ఇంకా బిగుస్తుంది. ఏళ్ల తరబడి బిగిసినదాన్ని విప్పడానికి ప్రత్యేకమైన రిమూవరు, దాన్ని పట్టే వైసు కావాలి. ఈ ఒక్క పనికి షాపుకే వెళ్లండి. ఉలి పెట్టి కొట్టి హబ్బు పాడుచేసుకోవద్దు. చక్రం విప్పి చేత్తో పట్టుకెళితే మేస్త్రీకి శ్రమ తగ్గుతుంది, మనకి ఖర్చు తగ్గుతుంది.

చైను అరిగిందో లేదో స్కేలుతో తెలుసుకోవచ్చు. ఒక పిన్ను మధ్య నుంచి కొలిస్తే 12 అంగుళాలకి మరో పిన్ను సరిగ్గా రావాలి. అది ఎనిమిదో వంతు అంగుళం దాటి పోయిందంటే చైను సాగిపోయింది, మార్చాలి. ఫ్రీవీల్ పళ్లు కూడా కొక్కేల్లా వంగి ఉంటే రెండూ ఒకేసారి మార్చండి. పాత పళ్ల మీద కొత్త చైను ఎగురుతుంది. చైను కలిపే లాకు మీద ఉండే స్ప్రింగు క్లిప్పు మూసి ఉన్న కొస చైను నడిచే దిక్కుకి ఉండాలి. తిరగేసి పెడితే దారిలో ఎప్పుడో ఊడిపోతుంది.

స్పోకుల విషయం ఒక్క మాట. ఎడమ పక్క విరిగితే ఇంట్లోనే మార్చుకోవచ్చు. ఫ్రీవీల్ పక్క విరిగితే ఫ్రీవీల్ తీస్తేగాని కొత్తది దూరదు. మామూలుగా విరిగేవి కూడా ఆ పక్కవే, వాటి మీద లాగుడు ఎక్కువ. బెండు తీసేటప్పుడు రిమ్ము ఎడమకి ఒరిగి ఉంటే ఆ చోట కుడి పక్క స్పోకులు బిగించండి, కుడికి ఒరిగితే ఎడమవి. ఒక్కోసారి పావు చుట్టు మించి తిప్పవద్దు.

కొత్త టైరు కొనేటప్పుడు "ఇరవై ఎనిమిది" అని చెప్పి ఊరుకోకండి. ఆ ఒక్క పేరు మీద వేరు వేరు కొలతలున్నాయి. పాత టైరు పక్కన అచ్చేసి ఉన్న అంకెలు రాసుకుని వెళ్లండి. మన పాత పెద్ద బండ్ల రిమ్ము కొలత సాధారణంగా 635. మనవల బండ్లది వేరే ఉంటుంది.

తిరిగి బిగించడం

తీయడంలో ఆలస్యమైతే నష్టం లేదు. బిగించడంలో తొందర పడితే ప్రాణం మీదికి వస్తుంది. ఇక్కడ దయచేసి శ్రద్ధగా వినండి.

ముందు చైనుని ఫ్రీవీల్ మీద వేసి, ఆ తరవాత ఇరుసుని గాడిలోకి జరపండి. తీగకి గుచ్చినవి తీసిన వరుసకి సరిగ్గా తిరగేసి ఎక్కించండి. నట్లు ముందు చేత్తోనే బిగించండి. రెండు పక్కలా ఉన్న అడ్జస్టర్లు సమంగా తిప్పుతూ చక్రాన్ని వెనక్కి లాగండి. చైను అర అంగుళం ఆడాలి. పెడలు ఒక పూర్తి చుట్టు తిప్పి చూడండి, ఒకచోట వదులుగా, ఒకచోట బిగువుగా ఉంటుంది. ఆ బిగువైన చోట అర అంగుళం చూసుకోండి. అప్పుడు టైరుకీ ఫ్రేముకీ మధ్య ఖాళీ రెండు పక్కలా సమంగా ఉందా అని చూడండి. కుడి నట్టు బిగించి, మళ్లీ ఆ ఖాళీ చూసుకుని, ఎడమ నట్టు బిగించండి.

చివరగా బ్రేకు. పక్కకి జరిపిన రబ్బర్లు తిరిగి చోటులో పెట్టి బిగించారా? ఇది మరచిపోయి ఎక్కినవాడికి వెనక బ్రేకు ఉండదు. అందుచేత చక్రం పెట్టిన తరవాత మూడు పనులు చెయ్యనిదే బండి ఎక్కకూడదు. చక్రం లేపి తిప్పాలి. బ్రేకు నొక్కి, బండిని చేత్తో ముందుకి తోసి చూడాలి. నట్లు రెండూ మరోసారి స్పానరుతో తడమాలి. తరవాత ఇంటి ముందే పది గజాలు మెల్లగా తొక్కండి. మర్నాడు నట్లు ఇంకోసారి చూడండి, కొత్తగా బిగించినవి కాస్త సర్దుకుని వదులవుతాయి.

ఎవరు తొక్కకూడదు

ఇంత చెప్పి, అందరూ రేపటి నుంచి సైకిలెక్కండి అని నేను అనను. తల తిరిగేవారు, చూపు ఆననివారు, ఈ మధ్య గుండెకి చికిత్స అయినవారు డాక్టరుగారిని అడగకుండా ఎక్కవద్దు. చక్రం చక్కగా తిరుగుతూ, టైర్లో గాలి నిండుగా ఉండి, సమమైన రోడ్డు మీద కూడా ఆయాసం వస్తే, గుండెల్లో పట్టినట్టు ఉంటే, అది బండి జబ్బు కాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. బండి బాగు చేసుకోవడంలో ఇదొక లాభం. బండిది తప్పు లేదని తేలిన తరవాత మన ఒంటి సంగతి నిజంగా తెలుస్తుంది. జాతీయ రహదారి మీద తొక్కడం కూడా మానుకోండి. మన రోజుల రోడ్డు కాదది.

మనకి తుపానులు కొత్త కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ మీలో చాలామంది చూశారు. కరెంటు లేదు, ఫోను లేదు, పెట్రోలు బంకుల దగ్గర బారులు. చెట్లు కూలి దారి మూసుకుపోతే సైకిలైతే భుజానికెత్తుకుని అవతలికి దాటవచ్చు. అటువంటి రోజున ఇంట్లో నడిచే సైకిలు ఒకటి ఉండడం మందుల పెట్టె ఉండడంలాంటిది. గోడకి ఆనించి, గాలి లేక, చైను తుప్పు పట్టిన సైకిలు ఆ రోజుకి పనికిరాదు.

ఆఖరుగా సంఘానికి ఒక చిన్న మనవి. మన కార్యాలయం వెనక ఖాళీ స్థలం ఉంది. నెలకి ఒక ఆదివారం ఉదయం రెండు గంటలు మన సైకిళ్లు అక్కడికి తెచ్చుకుందాం. స్పానర్లు, గ్రీజు, నీళ్ల తొట్టె నేను తెస్తాను. నాకంటె బాగా పని తెలిసినవారు రైల్వేలోనూ, ఆర్టీసీ వర్క్‌షాపులోనూ చేసి రిటైరైనవారు ఈ సభలోనే ఉన్నారు. వారిని కూడా రమ్మని కోరుతున్నాను. పిల్లల్ని, ముఖ్యంగా బడికి సైకిలు మీద వెళ్లే ఆడపిల్లల్ని వెంట తీసుకు రండి. చైను ఊడితే దారిలో ఎవరి కోసమో నిలబడి చూడకుండా, తనే వేసుకుని ఇంటికి చేరే పిల్లని చూస్తే మనకే ధైర్యం.

కార్యదర్శిగారు ఒప్పుకుంటే జనవరి మొదటి ఆదివారం మొదలుపెడదాం. ముందుగా తెచ్చేవారి బండి ముందుగా చూస్తాం.